1987 ఐరాక్-జెడ్ కమారో: ముందు గేరుబాక్సు, ఆ తరువాతే చిప్పు

డాలస్ చుట్టుపక్కల పాత అమెరికన్ స్పోర్ట్స్ కార్లు కొన్న మనవాళ్లు ఇప్పుడు బాగానే కనిపిస్తున్నారు. నా దగ్గరికి వచ్చేవాళ్లు మొదట అడిగేది దాదాపు ఒకటే: “ఏ చిప్పు వేయమంటారు?” చిప్పు అంటే ఇంజిన్ కంప్యూటర్‌కు ప్రోగ్రామును అందించే ముక్క. అది మారిస్తే గేర్లు చురుగ్గా పడతాయని వాళ్ల ఆశ. నేను నడుపుతున్న 1987 షెవర్లే కమారో ఐరాక్-జెడ్ లాంటి బండిలో అది జరిగే పని కాదు. ఇందులో గేరు ఎప్పుడు మారాలన్నది కంప్యూటర్ చేతిలో లేదు, ఆయిల్ ఒత్తిడి చేతిలో ఉంది. చిప్పు శాసించేది ఇంజిన్‌ను, దానితోపాటు టార్క్ కన్వర్టర్ లాకును (ఇంజిన్‌నూ గేరుబాక్సునూ ఆయిల్ జారుడు లేకుండా నేరుగా కలిపే క్లచ్‌ను) మాత్రమే. అందుకే నా వరుస ఎప్పుడూ మారదు. మొదట యాక్సిలరేటర్ సంగతి గేరుబాక్సుకు చేరవేసే కేబుల్, తరువాత గేరుబాక్సు లోపలి పని, అన్నీ కుదురుకున్నాక చిప్పు. చిప్పుతో మొదలుపెట్టినవాళ్లు ఆ డబ్బు రెండుసార్లు ఖర్చు పెడతారు.

బండి సంగతి కొంచెం తెలియాలి. ఆ తరం కమారోలో 5.7 లీటర్ల ఇంజిన్ కావాలంటే ఆటోమేటిక్ గేరుబాక్సే గతి. మాన్యువల్‌తో కంపెనీ ఇవ్వలేదు. ఆ గేరుబాక్సు పేరు 700ఆర్4. జనరల్ మోటార్స్ 1982 మోడళ్లతో దాన్ని మొదలుపెట్టింది, 1990లో 4ఎల్60 అని పేరు మార్చింది. గేరు నిష్పత్తులు మొదటిది 3.06, రెండోది 1.63, మూడోది 1.00, నాలుగోది 0.70. ఈ నాలుగు అంకెలను కాగితం మీద రాసి పెట్టుకోండి, ముందు ముందు పనికొస్తాయి.

1987లో ఈ ఇంజిన్‌కు కంపెనీ చెప్పిన లెక్క 4400 ఆర్‌పీఎం దగ్గర 225 హార్స్‌పవర్, 2800 దగ్గర 330 పౌండ్-ఫుట్ల టార్క్, అంటే సుమారు 447 న్యూటన్ మీటర్లు. ఇంజిన్ మీద వంపులు తిరిగి కనిపించే ఆ పొడవాటి గాలి గొట్టాలే దీని బలం, దీని బలహీనత కూడా. కింది వేగాల్లో ఇంజిన్ బ్రహ్మాండంగా లాగుతుంది, 4800 దాటితే ఊపిరి ఆడదు. ఇప్పుడు లెక్క వేయండి. 4800 దగ్గర మొదటి గేరు వదిలితే రెండోది 2560 దరిదాపుల్లో అందుకుంటుంది. రెండో గేరును 4800 దగ్గర వదిలితే మూడోది దాదాపు 2950 దగ్గర పడుతుంది. రెండూ టార్క్ శిఖరానికి అటూ ఇటూ. అదే గేర్లు 5500 దాకా లాగాలని గవర్నర్ (గేరు మారే వేగాన్ని నిర్ణయించే భాగం) మార్చారనుకోండి, గాలి అందని ఇంజిన్‌తో చివరి 700 ఆర్‌పీఎం వట్టి శబ్దమే. గొట్టాలు, క్యామ్‌షాఫ్ట్ అలాగే ఉంచి గేరు మారే వేగాన్ని మాత్రం పెంచుకునేవాళ్లను చూస్తే నాకు జాలి వేస్తుంది. ఈ బండికి కావలసింది గేరు ఆలస్యంగా పడటం కాదు, జారకుండా పడటం.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ షెడ్డులో లారీల కింద దూరి పెరిగినవాణ్ణి. ఏ గేరుబాక్సు వచ్చినా పానా ముట్టుకోకముందు ఆయిల్ వాసన చూడమనేవాడు ఆయన. ఇక్కడా అదే చేయండి. ఇంజిన్ బాగా వేడెక్కాక, బండి సమతల నేల మీద పార్క్‌లో ఉండి ఇంజిన్ నడుస్తుండగా డిప్‌స్టిక్ తీయండి. ఆయిల్ ఎర్రగా, పలుచగా ఉంటే సంతోషం. గోధుమరంగుకు తిరిగి, మాడిన వాసన వేస్తూ, తెల్ల గుడ్డ మీద నల్లటి రజను మిగిలితే క్లచ్ పలకలు అరిగిపోయినట్టే. ఈ గేరుబాక్సులో ముందు పోయేవి మూడు-నాలుగు గేర్ల క్లచ్ పలకలు. రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్కసారి గొంతెత్తి, తరువాత నెమ్మదిగా గేరు అందుకుంటోందంటే ఆ పలకలు పోతున్నాయి. అప్పుడు గేర్లు గట్టిగా పడేలా చేసే షిఫ్ట్ కిట్ కొనకండి, పూర్తి రీబిల్డ్‌కు డబ్బు దాచుకోండి. కాలిపోయిన పలకలను ఒత్తిడి పెంచి బతికించలేము.

ఇంజిన్ వైపు కూడా ముందుగా సరిచూసుకోవాల్సినవి ఉన్నాయి. డ్రైవర్ కాళ్ల దగ్గర డాష్ కింద 12 గదుల డయాగ్నస్టిక్ కనెక్టర్ ఉంటుంది. అందులో ఏ, బీ గదులను చిన్న వైరుతో కలిపి, ఇంజిన్ ఆపి ఉంచి, కీ మాత్రం ఆన్ చేస్తే డాష్‌లో దీపం కోడ్లు కొడుతుంది. మొదట 12 వస్తుంది, అది క్షేమ సమాచారమే. వేరే ఏ కోడ్ ఉన్నా ముందు దాని సంగతి తేల్చండి. థ్రాటిల్ మూసి ఉన్నప్పుడు దాని సెన్సర్ 0.54 వోల్టులు చూపాలి. బేస్ టైమింగ్, అంటే కంప్యూటర్ జోక్యం లేనప్పుడు పిస్టన్ పైకి చేరకముందే స్పార్క్ పడే కోణం, 6 డిగ్రీలు ఉండాలి. నల్ల గీత ఉన్న లేత గోధుమరంగు వైరు కనెక్టర్ విప్పితేనే టైమింగ్ లైటు అసలు అంకె చూపిస్తుంది. ఆ పని అయ్యాక కనెక్టర్ మళ్లీ బిగించి, పడిన కోడ్ చెరపండి. వ్యాక్యూమ్ గొట్టాలు ఈ వయసుకు బిస్కెట్లలా విరుగుతాయి, అన్నీ ఒకసారి తడిమి చూడండి.

ఇక టీవీ కేబుల్. టీవీ అంటే థ్రాటిల్ వాల్వ్. యాక్సిలరేటర్ ఎంత తొక్కారో గేరుబాక్సుకు చేరవేసేది ఈ ఒక్క తీగే. కాలు కింద ఎంత బరువు ఉంటే లోపల అంత ఒత్తిడి పెరగాలి. కేబుల్ వదులైతే ఇంజిన్ పూర్తి బలంతో లాగుతున్నా గేరుబాక్సు మాత్రం ఏదో నెమ్మదిగా పోతున్నామనుకుని తక్కువ ఒత్తిడితో క్లచ్‌లను పట్టుకుంటుంది. జారిన క్లచ్ కాలిపోవడానికి ఎంతోసేపు పట్టదు. 700ఆర్4 మంచిది కాదని చెడ్డపేరు మోసిందంటే అందులో పెద్ద వాటా ఈ కేబుల్‌దే. థ్రాటిల్ బాడీ మార్చినవాళ్లూ, ఇంజిన్ మార్చినవాళ్లూ దీన్ని తిరిగి సరిచేయకుండా రోడ్డెక్కుతారు.

సరిచేయడం తేలికే. ఇంజిన్ ఆపి ఉంచండి. థ్రాటిల్ బాడీ దగ్గర కేబుల్ తొడుగు చివర చిన్న లోహపు మీట ఉంటుంది. దాన్ని నొక్కి పట్టుకుని, జారే భాగాన్ని థ్రాటిల్‌కు దూరంగా, ఆగేదాకా వెనక్కి తోయండి. మీట వదిలేయండి. ఇప్పుడు థ్రాటిల్‌ను చేత్తో పూర్తిగా తెరవండి. టకటకమని పళ్లు దాటుకుంటూ జారే భాగం ముందుకు వచ్చి తన చోటు తానే చూసుకుంటుంది. ఆ చప్పుడు వినిపించకపోతే కేబుల్ పాతబడి జామైందన్నమాట, కొత్తది వేయండి. తరువాత ఇంకొకరిని సీట్లో కూర్చోబెట్టి పెడల్ నేలదాకా తొక్కించి, థ్రాటిల్ నిజంగా పూర్తిగా తెరుచుకుంటోందా అని బానెట్ దగ్గర నిలబడి చూడండి. పెడల్ కింద మందపాటి చాప వేసుకున్న బండ్లలో పెడల్ అక్కడే ఆగిపోతుంది, యజమాని మాత్రం ఇంజిన్‌లో పికప్ లేదని చిప్పు కొంటాడు.

కేబుల్ సరిగా ఉందో లేదో కన్ను చెప్పేదానికన్నా గేజ్ నమ్మకంగా చెబుతుంది. 300 పీఎస్ఐ దాకా చూపించే ఆయిల్ ప్రెషర్ గేజ్, పొడుగాటి గొట్టంతో కొనండి. గేరుబాక్సు ఎడమ పక్క, గేరు లివర్ కలిసే చోటుకు కొంచెం పైన, చిన్న మరబిరడా ఉంటుంది. అది తీసి గొట్టం బిగించాలి. బండిని స్టాండ్ల మీద నిలబెట్టి, చక్రాలకు అడ్డం పెట్టి, పార్క్‌లో ఇంజిన్ నడపండి. ఐడిల్‌లో 60 పీఎస్ఐ చుట్టుపక్కల కనిపిస్తుంది. ఇంజిన్ వేగాన్ని 1000 ఆర్‌పీఎం దగ్గర నిలకడగా ఉంచి, టీవీ కేబుల్‌ను మాత్రం చేత్తో మెల్లగా లాగుతూ పోతే ముల్లు ఎక్కడా ఆగకుండా పైకి పాకాలి, పూర్తిగా లాగేసరికి మొదటి అంకెకు రెట్టింపు దాటాలి. కేబుల్ కదిలినా ముల్లు చాలాసేపు కదలకపోతే వదులు ఉంది. కదలక ముందే ముల్లు పైన ఉంటే బిగుతు ఉంది. ఈ రెండు అంకెలు రాసి పెట్టుకోండి. లోపలి పని అయ్యాక వీటితోనే పోల్చుకోవాలి.

కొందరికి ఇక్కడితోనే పని అయిపోతుంది. కేబుల్ సరిపడి, ఆయిల్, ఫిల్టర్ మారితే గేర్లు పడే తీరు ఎంత మారుతుందో చూసి ఆశ్చర్యపోయినవాళ్లున్నారు. అక్కడ ఆగగలిగినవాళ్లు అదృష్టవంతులు. మనం ఆగేరకం కాదు కాబట్టి పాన్ (గేరుబాక్సు అడుగున ఉండే ఆయిల్ తట్ట) దింపుదాం.

షిఫ్ట్ కిట్ అనే మాటను అందరం వాడేస్తున్నాం గానీ అది ట్రాన్స్‌గో కంపెనీ ట్రేడ్‌మార్క్. ఏ కంపెనీ కిట్ కొన్నా అందులో వచ్చేవి దాదాపు ఇవే: కొత్త స్ప్రింగులు, పెద్ద బూస్ట్ వాల్వ్ (ఆయిల్ ఒత్తిడి పెంచేది), గ్యాస్కెట్లు, కన్నాలు పెద్దవి చేసుకోవడానికి డ్రిల్ బిట్లు, లేదా ముందే కన్నాలు చేసిన సెపరేటర్ ప్లేటు (ఆయిల్ దారుల మధ్య ఉండే రేకు). కిట్ మీ గేరుబాక్సు సంవత్సరానికి సరిపోవాలి. 1987 నాటికి లోపల చాలా మార్పులు జరిగాయి, పాత వాటి సూచనలు చూసి గోళీలు (ఆయిల్ దారులను తెరిచి మూసే చిన్న గుండ్లు) పెడితే రివర్స్ కూడా రాకపోవచ్చు.

ముందురోజు రాత్రే ఆయిల్ దించి వదిలేయండి. కారణం రెండు. వేడి ఆయిల్ చెయ్యి కాలుస్తుంది. రెండోది, వాల్వ్ బాడీ (ఆయిల్‌ను ఏ గేరుకు పంపాలో తేల్చే వాల్వుల దిమ్మ) దించినా గంటల తరబడి చుక్కలు పడుతూనే ఉంటాయి, కంట్లో ఆయిల్‌తో గోళీలు వెతకడం శిక్ష. బండి కింద జాకీ ఒక్కటే పెట్టి దూరవద్దు, నాలుగు స్టాండ్లు తప్పనిసరి. పాన్ బోల్టులు వెనక నుంచి మొదలుపెట్టి వదులు చేస్తే ఆయిల్ ఒక మూలకు వంగి దిగుతుంది. పాన్ అడుగున అయస్కాంతం మీద బూడిదలాంటి పొడి ఉండటం మామూలే. లోహపు తునకలు, ఇత్తడి మెరుపు ఉంటే కిట్ పక్కన పెట్టి ఆలోచించండి.

ఫిల్టర్ తీస్తే పంపులో బూస్ట్ వాల్వ్ ఉండే రంధ్రం కనిపిస్తుంది. దీనికి వాల్వ్ బాడీ దించనక్కరలేదు. లోపలి గుండీని స్క్రూడ్రైవర్‌తో పైకి నొక్కి పట్టి స్నాప్ రింగ్ తీయాలి. వెనక ఉన్న స్ప్రింగు బలమైనది, రింగ్ తీసిన చెయ్యి వెంటనే వదిలితే అన్నీ మొహం మీద పడతాయి. వచ్చినవన్నీ వచ్చిన వరుసలోనే గుడ్డ మీద పేర్చండి. కొత్త 0.500 అంగుళాల బూస్ట్ వాల్వ్ తన గొట్టంలో సొంత బరువుకే జారాలి, ఎక్కడా పట్టకూడదు. టీవీ కేబుల్ లాగినకొద్దీ ఒత్తిడి పాతదానికన్నా ఎక్కువగా పెరిగేది దీనివల్లే. ఐడిల్‌లో ఒత్తిడి పెద్దగా మారదు కాబట్టి ఊరి ట్రాఫిక్‌లో బండి మునుపటిలాగే మెత్తగా ఉంటుంది. కిట్‌తో వచ్చే స్ప్రింగుకు తోడు ఇంకో గట్టి స్ప్రింగు కూడా పెట్టేద్దామనే ఆశ మాత్రం వద్దు. ఒత్తిడి పెరిగితే పంపు, సీళ్లు అన్నీ ఆ భారం మోయాలి.

తరువాత వాల్వ్ బాడీ. సోలనాయిడ్ వైర్లు విప్పండి, టీవీ లివర్ బ్రాకెట్ తీయండి, చివరి రెండు బోల్టులు చేతి ఒత్తిడి మీద ఉంచి మెల్లగా దించండి. 1-2 అక్యుములేటర్ (ఒకటి నుంచి రెండో గేరుకు మారే కుదుపును మెత్తబరిచేది) పక్కనే విడిగా బిగించి ఉంటుంది, దాని స్ప్రింగు కూడా కిందికి దూకుతుంది. ఇక గోళీలు. ఇవి వాల్వ్ బాడీలోనే కాదు, పైన కేసులో కూడా ఉంటాయి. దించే ముందు, దించాక, ప్లేటు తీశాక, మూడు దశల్లోనూ ఫోనుతో ఫొటోలు తీయండి. ఆయిల్ ట్రేలో పడిన గోళీని అయస్కాంతంతో వెతికి పట్టుకోవచ్చు గానీ అది ఏ గుంటలోదో అయస్కాంతం చెప్పదు.

ప్లేటు మీద కన్నాలు పెద్దవి చేయాల్సి వస్తే కిట్‌లో చెప్పిన బిట్టు సైజుకు మించవద్దు. ఒక్కో కన్నం ఒక్కో గేరుకు ఆయిల్ అందే దారి. కన్నం పెద్దదైతే క్లచ్ త్వరగా నిండుతుంది, గేరు ఠక్కున పడుతుంది. మరీ పెద్దదైతే ప్రతి సిగ్నల్ దగ్గర నడుము విరిగే కుదుపు, దాంతోపాటు వెనక ఇరుసు మీద దెబ్బ. కిట్ సూచనల్లో వీధి బండికి, రేసు బండికి వేర్వేరు సైజులిస్తారు. వీధి సైజే తీసుకోండి. డ్రిల్ చేశాక కన్నం అంచున మొలిచే సన్నని పొరకను రెండువైపులా నున్నటి ఆకురాయితో రుద్ది, వేలి గోరుతో గీరి చూడండి. గోరు ఆగకూడదు. ఆ పొరక ఊడి ఏ వాల్వ్‌లో ఇరుక్కున్నా ఈ పనంతా మళ్లీ చేయాలి.

తిరిగి ఎక్కించేటప్పుడు కేసులోని గోళీలను వాజలీన్‌తో అంటించండి. గ్రీజు వద్దు, అది ఆయిల్‌లో కరగకుండా సన్నని దారులను మూసేస్తుంది. ప్లేటుకు పైన ఒక గ్యాస్కెట్, కింద ఒక గ్యాస్కెట్. రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి, ఒకటి కావు. ప్లేటు మీద పరిచి అన్ని కన్నాలూ కనిపిస్తున్నాయా అని వెలుతురులో చూస్తే తెలిసిపోతుంది. మాన్యువల్ వాల్వ్‌ను గేరు లివర్ లింకుకు తగిలించడం మరవకండి. తగిలించకపోతే లివర్ ఎటు జరిపినా బండి కదలదు. బోల్టులు నడుమ నుంచి బయటికి, అంగుళం-పౌండ్ల టార్క్ రెంచ్‌తో 97 దగ్గర ఆపండి, అంటే 11 న్యూటన్ మీటర్లు. ఇది అల్యూమినియం కేసు. గట్టిగా ఉండాలని ఇంకొంచెం తిప్పితే మర ఊడి చేతికి వస్తుంది.

ఇప్పుడు నాకు ఈ పనిలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క, కార్వెట్ సర్వో. గేరుబాక్సు కుడి పక్క, ఎగ్జాస్టు గొట్టానికి దగ్గరగా గుండ్రని మూత ఉంటుంది. దాని వెనక పిస్టన్ రెండో గేరు బ్యాండును (డ్రమ్మును చుట్టి పట్టే పట్టీని) బిగిస్తుంది. అదే కాలపు కార్వెట్‌లో కంపెనీయే ఇంకా వెడల్పైన పిస్టన్ వాడింది. పిస్టన్ వెడల్పైతే అదే ఆయిల్ ఒత్తిడికి ఎక్కువ బలం పుడుతుంది, ఒకటి నుంచి రెండుకు జారుడు లేకుండా పడుతుంది. మూతను పొడుగాటి కడ్డీతో లోపలికి ఒత్తి, స్నాప్ రింగ్ తీసి, మూత లాగాలి. పాత పిన్ను పొడవు మీ బ్యాండుకు కొలిచి పెట్టినది, అదే కొత్త పిస్టన్‌లోకి మార్చండి. మూత చుట్టూ ఉండే ఓ-రింగ్‌కు ఆయిల్ రాసి సమంగా తోయండి. వంకరగా నెడితే రింగ్ కోసుకుపోయి మర్నాటికి ఇంటి ముందు ఎర్రటి మడుగు కనిపిస్తుంది.

గవర్నర్ వెనకవైపు ఎడమ పక్క మూత కింద ఉంటుంది, బరువులు, స్ప్రింగులు మార్చి పూర్తి థ్రాటిల్‌లో గేరు మారే వేగాన్ని సరిచేస్తారు. దాని జోలికి ఇప్పుడే పోవద్దు, చివర్లో చెబుతాను. విడిగా ఒక ఆయిల్ కూలర్ మాత్రం ఇప్పుడే బిగించేయండి. టెక్సస్ ఎండలో రేడియేటర్ లోపలి కూలర్ ఒక్కటే చాలదు. పాన్ ఎక్కించి, డెక్స్‌రాన్ ఆయిల్ ఐదు క్వార్ట్లు, అంటే 4.7 లీటర్లు పోసి, ఇంజిన్ నడుపుతూ ప్రతి గేరులోకి లివర్ జరిపి, మిగతాది డిప్‌స్టిక్ చూసి నింపండి. మళ్లీ గేజ్ పెట్టి ఒత్తిడి చూడండి. కేబుల్ పూర్తిగా లాగినప్పటి అంకె ముందటికన్నా పైన ఉండాలి.

కొన్ని వారాలు ఇలాగే నడిపి, గేర్లు నమ్మకంగా పడుతున్నాయని తేలాక చిప్పు దగ్గరికి రండి. కంప్యూటర్‌ను ఈసీఎం అంటారు, 1986 నుంచి 1989 దాకా ఈ ఇంజిన్లకు వచ్చినది 1227165. ప్రయాణికుడి వైపు డాష్ కింది పలక తీస్తే కనిపిస్తుంది. బ్యాటరీ నెగటివ్ విప్పండి, ఒంటి మీది స్టాటిక్ పోవడానికి ఏదైనా లోహాన్ని ముట్టుకోండి, అప్పుడే చెయ్యి పెట్టండి. చిన్న మూత కింద రెండు క్లిప్పుల మధ్య మెమ్‌క్యాల్ కూర్చుని ఉంటుంది. అందులో రెండు భాగాలు: ప్రోగ్రాము, పట్టికలు ఉన్న 27సి128 ఈప్రామ్, ఈసీఎం పాడైనా బండిని ఇంటికి చేర్చే రెసిస్టర్ల జాలం. ఈప్రామ్ 16 కిలోబైట్లు. మీ ఫోను తీసే ఫొటో ఒక్కటి దీనికన్నా కొన్ని వందల రెట్లు పెద్దది, అయినా 5.7 లీటర్ల ఇంజిన్ దానితోనే నడుస్తోంది.

మెయిల్‌లో వచ్చే రెడీమేడ్ చిప్పుల మీద నాకు గౌరవం లేదు. వాళ్లు మీ ఇంజిన్‌ను చూడలేదు. మీ చిప్పు మీరే రాసుకోవచ్చు, దానికి కావలసినవి ఒక ల్యాప్‌టాప్, ట్యూనర్‌ప్రో సాఫ్ట్‌వేర్, డయాగ్నస్టిక్ కనెక్టర్‌కు యూఎస్‌బీ కేబుల్, చిప్పు రాసే బర్నర్, మెమ్‌క్యాల్‌కు సాకెట్ అడాప్టర్. అతినీల కిరణాలతో చెరిపే పాత ఈప్రామ్‌లకన్నా కరెంటుతోనే చెరిగే 29సి256 లాంటివి నయం. అవి 32 కిలోబైట్లు కాబట్టి 16 కిలోబైట్ల ఫైలును రెండుసార్లు పేర్చి రాస్తే సరిపోతుంది. అన్నిటికన్నా ముందు అసలు చిప్పును చదివి ఫైలు దాచుకోండి. సాఫ్ట్‌వేర్‌లో ఆ ఫైలుకు సరిపోయే నిర్వచనమే (ఏ అంకె ఏ పట్టికదో చెప్పే ఫైలు) తెరవండి. ఒకదాని నిర్వచనంతో ఇంకోదాన్ని తెరిస్తే పట్టికలు కనిపిస్తాయి గానీ అవన్నీ చెత్త.

మార్చే ముందు కొలవండి. వేడెక్కిన ఇంజిన్‌తో మామూలు రోడ్ల మీద నడిపి డేటా రికార్డు చేయండి. మీరు నడుపుతూ ల్యాప్‌టాప్ చూడవద్దు, ఇంటికి వచ్చాక చూడవచ్చు. ముఖ్యంగా చూడాల్సింది బ్లాక్ లెర్న్ అనే అంకె. 128 అంటే ఇంజిన్‌కు అందే పెట్రోలు లెక్కకు సరిగ్గా సరిపోతోందని అర్థం. 140 ఉంటే కంప్యూటర్ 9 శాతానికి పైగా అదనంగా పోస్తోంది; ఎక్కడో గాలి దొంగతనంగా దూరుతోంది, లేదా పెట్రోలు పంపు బలహీనపడింది, లేదా గాలి కొలిచే మాఫ్ సెన్సర్ మురికి పట్టింది. ఆ రోగాన్ని చిప్పులో అంకెలు మార్చి దాచేయకండి. 128కి రెండు వైపులా ఆరేడు అంకెల్లో తిరుగుతుంటే మీ బండి ఆరోగ్యంగా ఉంది.

ఆ తరువాత స్పార్క్ పట్టిక, అంటే స్పార్క్ ఎన్ని డిగ్రీలు ముందుగా పడాలో చెప్పేది. పూర్తి థ్రాటిల్ గడులలో, 2400 నుంచి 4400 మధ్య, ఒక్కసారికి 2 డిగ్రీలకు మించి కలపవద్దు. ప్రతిసారీ రికార్డులో నాక్ కౌంటర్ (పెట్రోలు వేళ తప్పి పేలడాన్ని లెక్కపెట్టేది) చూడండి. అది ఎగిరిందంటే, కంప్యూటర్ స్పార్క్ వెనక్కి లాగిందంటే, పాత అంకెకు తిరిగి వచ్చి ఇంకో డిగ్రీ తగ్గించండి. నాక్ రాకపోయినా వేగం పెరగకపోతే ఆ అదనపు డిగ్రీలు దండగ, తీసేయండి. ఇలా రాసిన చిప్పుకు 93 ఆక్టేన్ పెట్రోలే పోయాలి. ఇక్కడి బంకు మీది అంకె మన దేశపు అంకెతో ఒకటి కాదు: అమెరికాలో 87 అని రాసేది మన దగ్గర 91గా లెక్కించే పెట్రోలుకు దగ్గర, 93 అంటే మన లెక్కలో సుమారు 98.

పూర్తి థ్రాటిల్ మిశ్రమాన్ని పాత ఆక్సిజన్ సెన్సర్ చూసి సరిచేయలేరు, దాని చూపు ఇరుకు. వైడ్‌బ్యాండ్ సెన్సర్ అమర్చుకుని గాలి-పెట్రోలు నిష్పత్తిని 12.5 నుంచి 12.8 మధ్యకు తెచ్చుకోండి. ఫ్యాను విషయం తేలిక. కంపెనీ అమరికలో అది నీళ్లు 100 డిగ్రీల సెల్సియస్ దాటాక గానీ తిరగదు. 82 డిగ్రీల థర్మోస్టాట్ వేసి, ఫ్యాను 93 దగ్గర మొదలయ్యేలా రాయండి. థర్మోస్టాట్ తెరుచుకునే వేడికన్నా ఫ్యాను అంకె తక్కువైతే అది ఎప్పటికీ ఆగదు. 71 డిగ్రీల థర్మోస్టాట్ నాకు నచ్చదు, ఇంజిన్ ఆయిల్ సరిగా వేడెక్కదు.

చిప్పు, గేరుబాక్సు కలిసే ఒకే ఒక్క చోటు టార్క్ కన్వర్టర్ లాకు. ఏ వేగంలో, థ్రాటిల్ ఎంత తెరిచి ఉంటే లాకు పడాలో చిప్పులో పట్టిక ఉంది. ఊరి వేగంలో మూడో గేరులో పడే లాకును కొంచెం పైకి జరిపితే బండి ఈడ్చుకుంటున్నట్టు ఉండదు. నాలుగో గేరులో హైవే మీద మాత్రం లాకు ఉండాల్సిందే, లేకపోతే ఆయిల్ వేడెక్కుతుంది. లాకు పడే వేగానికీ విడిపోయే వేగానికీ మధ్య ఎడం వదలండి, లేకుంటే ఫ్లైఓవర్ ఎక్కే ప్రతిసారీ లాకు పడుతూ ఊడుతూ ఉంటుంది. పెడల్ పూర్తిగా తొక్కినప్పుడు విడిపోయేలా ఉంచండి, ఆ చిన్న క్లచ్ పూర్తి టార్క్ మోయడానికి పుట్టలేదు. పని చేస్తోందా లేదా తెలుసుకోవడానికి హైవే మీద నిలకడ వేగంలో బ్రేకును ఎడమ కాలితో తాకి చూడండి. ఆర్‌పీఎం కొద్దిగా లేచి మళ్లీ దిగితే లాకు బాగుంది.

కొత్త చిప్పు పెట్టాక దీపం వెలిగి కోడ్ 51 వస్తే చిప్పు సరిగా కూర్చోలేదు, లేదా చెక్‌సమ్ (ఫైలు సరిగా ఉందో లేదో సరిచూసే అంకె) తప్పింది. ప్రతి చిప్పు మీదా తేదీ, ఏం మార్చారో రాసి అంటించండి.

చట్టం మాట. టెక్సస్‌లో 25 ఏళ్లు దాటిన బండికి పొగ పరీక్ష లేదు. అలాగని క్యాటలిటిక్ కన్వర్టర్, ఈజీఆర్ (కొంత పొగను మళ్లీ ఇంజిన్‌లోకి పంపే ఏర్పాటు) తీసేయవచ్చని కాదు. ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్ట్ అన్ని రాష్ట్రాల్లోనూ ఉంది, చిప్పులో ఈజీఆర్‌ను ఆపేయడం కూడా దాని కిందికే వస్తుంది. కాలిఫోర్నియాలో 1976 మోడల్, ఆ తరువాతి పెట్రోలు బండ్లకు పొగ పరీక్ష ఉంది, అక్కడి వాయు కాలుష్య నియంత్రణ బోర్డు ఆమోదం లేని చిప్పు పెడితే పరీక్షలో తప్పుతారు. ఇదంతా చదివి హైదరాబాద్‌లో తన బండి మీద ప్రయోగం చేద్దామనుకునే తమ్ముళ్లు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చదువుకోండి.

పూర్తి థ్రాటిల్ పరీక్ష రోడ్డు మీద వద్దు. ఎన్నిస్‌లో టెక్సస్ మోటర్‌ప్లెక్స్ లాంటి డ్రాగ్ స్ట్రిప్‌లలో (తిన్నని పరుగు పందేల ట్రాకుల్లో) సాధారణ బండ్లకు కూడా రాత్రిపూట అవకాశం ఇస్తారు. అక్కడ ఇచ్చే చీటీలో రెండు అంకెలు చూడండి. చివరి గీత దగ్గరి వేగం ఇంజిన్ బలాన్ని చెబుతుంది, అది పెరిగితే చిప్పు ఫలించింది. వేగం అంతే ఉండి సమయం మాత్రం తగ్గితే ఆ ఘనత గేరుబాక్సుది. గవర్నర్‌కు ఇప్పుడు వేళ అయింది. లివర్‌ను డ్రైవ్‌లోనే ఉంచి పరుగెత్తించి, గేర్లు ఏ ఆర్‌పీఎం దగ్గర మారుతున్నాయో రికార్డులో చూడండి. తరువాతి పరుగులో లివర్‌తో మీరే 4600 దగ్గర ఒకసారి, 4800 దగ్గర ఒకసారి, 5000 దగ్గర ఒకసారి మార్చండి. ఏది తక్కువ సమయం ఇస్తే ఆ అంకెకు గవర్నర్ స్ప్రింగు ఎంచుకోండి. మధ్యలో బానెట్ తెరిచి అరగంట చల్లారనివ్వండి, వేడి ఇంజిన్ చీటీనీ చల్లని ఇంజిన్ చీటీనీ పక్కపక్కన పెట్టి పోల్చకండి.